అయ్యగారి బండి చప్పుడు

పాత బుల్లెట్ ఎదురైతే నాకు భద్రాచలంలోని ఆ మెకానికే గుర్తొస్తాడు. బాగుచేసిన బండిని స్టార్ట్ చేసి, తల పక్కకు వాల్చి, "గదేనా?" అని అడిగేవాడు.

సెల్‌ఫోన్లు అడవి దాకా రాని రోజులవి. చర్ల వైపు గూడేల్లో జనం, పాస్టరైన మా నాన్న బండి చప్పుడు వినబడ్డాకే ఆరాధనకు కూడేవారు. రేసు బైకులు సిద్ధం చేసిన చేత్తో ఆ మెకానిక్ నాన్న బుల్లెట్ ఇంజన్ విప్పి సరిచేస్తే, ఆ చప్పుడు మెత్తబడిపోయింది. ఆ ఆదివారం ఎవరూ రాలేదు.

"ప్రభువు దొంగలెక్క వస్తడని బైబిల్ల ఉన్నట్టు, నేనుగూడ దొంగలెక్కనే పోయిన బిడ్డా. ఎవ్వలికీ ఇనబడలే," అని నాన్న అతడితో చెప్పి నవ్వాడు. అతడు నవ్వలేదు.

అప్పటినుంచి ప్రతి శనివారం వచ్చి, పాత చప్పుడు తెప్పించాలని ఏదో బిగించి, ఏదో వదులు చేసి, "గదేనా అయ్యగారూ?" అనేవాడు.

"కాదు బిడ్డా," అనేవాడు నాన్న. మొహమాటానికైనా అబద్ధమాడే మనిషి కాదు.

నాన్న మంచాన పడ్డాక కూడా అతడు వచ్చాడు. వాకిట్లో బండి స్టార్ట్ చేసి, కిటికీ దగ్గర నిలబడి అడిగాడు. నాన్న కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"గదే బిడ్డా."

అది కాదని నాకు తెలుసు. అతడికీ తెలిసింది. బండి ఆపి లోపలికొచ్చి, నూనె చేతులు చొక్కాకు తుడుచుకుని, నాన్న పాదాలు పట్టుకున్నాడు.

"ఇంకొక్క వారం ఆగుండ్రి అయ్యగారూ," అన్నాడు.