అంతే బరువు

చర్చి సంఘంలో మగవాళ్లెవరు చనిపోయినా శవానికి స్నానం చేయించేది ఓ పెద్దాయనే. చచ్చినవాళ్లకి చలేమిటని జనం నవ్వినా, నీళ్లు గోరువెచ్చగా కాగందే చెంబు ముట్టడు. చర్చికొచ్చే కుర్రాడే ఒకడు తాగి గొడవపడి ఆయన కన్నకొడుకుని కత్తితో పొడిచి చంపాడు. కొడుక్కీ ఆయనే స్నానం చేయించాడు. హంతకుడికి ఉరే పడాలని పట్టుబట్టాడు. "తీర్పు దేవుడికి వదిలెయ్యి" అని పాస్టరు బతిమాలితే, "ప్రాణానికి ప్రాణమన్నది ఆ దేవుడే కదయ్యా" అన్నాడు.

ఉరి తీశారు. శవాన్ని ముట్టుకోవడానికి అయినవాళ్లలో మగవాళ్లెవరూ రాలేదు. హంతకుడి తల్లి వచ్చి పెద్దాయన గుమ్మంలో నిలబడింది. "అడగడానికి నోరు రావట్లేదు అన్నయ్యా" అంది. ఆయన ఆమె వెంట నడిచాడు. స్నానం చేయిస్తూ మెడ దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. తాడు ఒరుసుకున్నచోట చర్మం నల్లగా కమిలిపోయింది. అక్కడ గుడ్డ వాడకుండా వేళ్లతోనే కడిగి, తల్లి కంటపడకుండా చొక్కా గుండీలు గొంతుదాకా పెట్టాడు.

సమాధి దగ్గర పాస్టరు మెల్లగా అడిగాడు. "ఇప్పటికైనా మనసు కుదుటపడిందా?"

పెద్దాయన తన చేతులకేసి చూసుకున్నాడు.

"ఏం చెప్పనయ్యా. ఎత్తి బల్లమీద పడుకోబెడుతుంటే, వీడూ మావాడంతే బరువున్నాడు."