ఈ పొద్దు లీవు

ప్రొద్దుటూరులో మా ఎదురింట్లో ఒక అక్క ఉండేది. ఆమె కూతురికి నత్తి. బడిలో పిల్లలు వెక్కిరిస్తున్నారని మాన్పించి, వంటింట్లో పీటేసి కూర్చోబెట్టి తనే చదువు చెప్పేది. ఇంటికి ఎవరొచ్చి "పాప బడికి పోలేదా?" అని అడిగినా, తల వంచుకుని కొంగుతో చేతులు తుడుచుకుంటూ "ఈ పొద్దు లీవు" అనేది. చేతులు తడిగా లేకపోయినా తుడుచుకునేది. రోజూ అదే మాట. వినీ వినీ నాకు ఒళ్లు మండేది.

"నిజం చెప్తే ఏమైతాదక్కా?" అన్నాను ఒకసారి.

"సదువు రాక బడోళ్లే తోలేసినారనుకుంటారమ్మా. నాకు శానా సిగ్గు" అంది.

ఏడాది తిరిగేసరికి ఆ పిల్లకు నోరు తిరిగింది. ఒకరోజు నేను వెళ్లేసరికి తెలుగు వాచకంలో పాఠం ఎక్కడా తడబడకుండా గట్టిగా చదువుతోంది. అక్క పొయ్యి దగ్గర నిలబడి మురిసిపోతోంది. ఏ బడి చేయగలదు ఈ పని, అనుకున్నాను.

అప్పుడే జమ్మలమడుగు నుంచి అక్క వాళ్ల అన్న వచ్చాడు. చెప్పులు విడుస్తూ, "ఏం పాపా, ఇంట్లో ఉండావు? బడికి పోలేదా?" అన్నాడు.

అక్క నోరు తెరిచేలోపే పిల్ల పుస్తకం మూసేసింది. తల వంచుకుని, గౌనుకు చేతులు తుడుచుకుంది.

"ఈ... ఈ... ఈ పొద్దు లీ... లీ... లీవు."

అప్పటికే కొంగు అందుకున్న అక్క చేతులు అక్కడే ఆగిపోయాయి.