కప్పు అద్దం కోసం కుప్పం దాకా

మా బావ కారు మీదికి పొట్టేలు దూకిన నాలుగు రోజులకు, ఒక శుక్రవారం పొద్దున్నే, మేం మదనపల్లె నుంచి కుప్పానికి బయలుదేరాం. ఆ పొట్టేలు కూడా మాతోనే వచ్చింది. ఎందుకు వచ్చిందో చెప్పాలంటే ముందు కారు సంగతి చెప్పాలి.

మా అక్క మొగుడు రామచంద్రకు మదనపల్లె మార్కెట్లో టమాటా మండీ ఉంది. రెండువేల దశకం చివర్లో సంగతి ఇది. పెట్రోలుతోనూ కరెంటుతోనూ నడిచే హైబ్రిడ్ కారును మా వైపు అప్పటికి ఎవరూ చూడలేదు. బెంగళూరులో ఒక పెద్దమనిషి విదేశం నుంచి తెప్పించుకుని, కొన్నాళ్ళు వాడి, విసుగు పుట్టి అమ్మేస్తే బావ కొన్నాడు. దాని పైకప్పులో ఒక అద్దం ఉండేది. మీట నొక్కితే వెనక్కి జరిగి ఆకాశం కనబడేది. దాన్ని సన్‌రూఫ్ అంటారని బావ మార్కెట్లో కనబడిన ప్రతివాడికీ చెప్పాడు.

"మదనపల్లి ఎండకి కప్పు తెరుసుకోని తిరిగేదేమప్పా, నీకేమన్నా మొక్కుబడా?" అని హమాలీలు నవ్వేవాళ్ళు.

కప్పు కంటే బావకు దాని మౌనం మీద ఎక్కువ మోజు. మెల్లగా పోతున్నప్పుడు అది కరెంటు మీదే నడిచేది, చప్పుడే ఉండేది కాదు. ఆ సోమవారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కురబలకోట దాటాక, రోడ్డు పక్క గట్టు మీద ఒక మంద కనబడితే బావ వేగం తగ్గించాడు. "సూడు బామ్మర్దీ, గొర్రెలకు గూడా తెలీకుండా పోతాం" అన్నాడు. నిజమే, వాటికి తెలియలేదు. మందకు ముందున్న పొట్టేలు రోడ్డు ఖాళీగా ఉందనుకుని గట్టు మీద నుంచి దూకింది. ఢమ్మని శబ్దం, నెత్తిన వడగళ్ళు పడినట్టు గాజు గింజలు. కళ్ళు తెరిచేసరికి నా ముఖానికి జానెడు దూరంలో పొట్టేలు ముఖం. ముందు కాళ్ళు కారు లోపల, వెనక కాళ్ళు కారు పైన. అది నా వైపు చూసి ఒక్కసారి "మే" అంది. మేమిద్దరం దానికంటే గట్టిగా అరిచాం.

పొట్టేలుకు ఎడమ చెవి కొస చీలింది, ఒక కాలు బెణికింది. మాకు ఏమీ కాలేదు. కారుకు మాత్రం నెత్తిన రెండు మూరల బొక్క మిగిలింది.

బెంగళూరుకు ఫోన్ చేస్తే, ఆ అద్దం ఓడలో రావాలి, ఎప్పుడొస్తుందో చెప్పలేం అన్నారు. ఈలోగా వానలో మాత్రం బండిని బయట పెట్టొద్దనీ, కరెంటు బ్యాటరీ వెనక సీటు వెనకే ఉంటుందనీ, లోపలికి నీళ్ళు పోతే అది పాడవుతుందనీ, అది పోతే కారు పోయినట్టేననీ చెప్పారు. అది మే నెల. మధ్యాహ్నమయ్యేసరికి రోజూ మబ్బు పడుతోంది. బావ నిద్ర మానేశాడు.

గురువారం మార్కెట్లో ఎవరో చెప్పారు, కుప్పంలో ఒక గ్రానైట్ షావుకారుకు అచ్చం ఇలాంటి కారే ఉందనీ, ముందుభాగం లారీకి తగిలి నుజ్జయితే షెడ్డులో పడేశాడనీ, కప్పు మాత్రం చెక్కుచెదరలేదనీ. బావ ఫోన్ చేశాడు. షావుకారు మంచివాడు. "వచ్చి పెరుక్కోని పోండి" అన్నాడు.

ఆ సంగతి ఎలా తెలిసిందో, సాయంత్రానికి పొట్టేలు గలామె గంగులమ్మ మండీ ముందు ప్రత్యక్షమైంది. యాభై ఏళ్ళుంటాయి, గట్టి మనిషి.

"అప్పా, నువ్వు కుప్పం పోతాండావంట. మమ్మల్నీ తీసకపో. నా మొగుడు పోయినేడు పాము కరిసి సావు దాకా పోయొచ్చినాడు. కుప్పమే మా పుట్టినూరు, ఆడి గంగమ్మకు పొట్టేల్ని ఇస్తానని మొక్కుకోనుండాను. రేపే శుక్రవారం."

"బస్సులో పోమ్మా."

"బస్సులో గొర్రెనెక్కిస్తారా? నడిపించుకోని పోదామంటే కాలు నీ కారే ఇరగ్గొట్టె. చప్పుడు చేసుకోని వచ్చింటే అది దూకిండునా?"

తప్పు కారుదే. పైగా గంగమ్మ పేరు వినబడింది. ఒప్పుకున్నాడు.

అలా శుక్రవారం ఏడు గంటలకు కురబలకోటలో వాళ్ళను ఎక్కించుకున్నాం. గంగులమ్మ మొగుడు రోడ్డు దాకా వచ్చాడు గానీ మాతో రానన్నాడు. "కాలు నొప్పి" అని మాత్రం చెప్పి, పొట్టేలు మెడ మీద ఒకసారి చెయ్యి వేసి, మేం బయలుదేరకముందే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. పొట్టేలు పేరు చిన్నప్ప. చెవికి పసుపు దట్టంగా పూసి ఉంది.

బొక్క మీద మేం నీలం టార్పాలిన్ పట్ట కట్టి ఉంచాం. మదనపల్లె పొలిమేర దాటేసరికి చిన్నప్ప రెండు ముందు సీట్ల మధ్య ఉన్న పెట్టె మీద కాళ్ళు పెట్టి, తలతో పట్టను లేపేసి, మెడ బయటికి పెట్టింది. దించితే మళ్ళీ పెట్టింది. "గాలి కావాలంటాది, ఇడిసిపెట్టండప్పా" అంది గంగులమ్మ. అక్కడి నుంచి మా ప్రయాణం అలాగే సాగింది. చప్పుడు లేని కారు, పైన కొమ్ములు తిరిగిన తల. ఎదురొచ్చిన ఆర్టీసీ బస్సు డ్రైవరు బస్సు ఆపి మరీ చూశాడు.

పుంగనూరులో దోసెలు తిన్నాం. వేరుశనగ చట్నీ, మా మాటలో చెనిగ్గింజల చట్నీ, బాగుంది. ఆ హోటలు పక్కనే ఒక గాజుల దుకాణం, అంటే షోకేసులకూ పటాలకూ అద్దాలు కోసే దుకాణం కనబడేసరికి బావకు ఆశ పుట్టింది. కుప్పం దాకా ఎందుకు, ఇక్కడే కోయించేద్దామన్నాడు. దుకాణదారుడు కొలత తీసుకోవడానికి వచ్చి, కారు కరెంటుదని తెలిసి రెండడుగులు వెనక్కి వేశాడు. లోపలికి పోయి రబ్బరు చెప్పులు తొడుక్కుని, ఒక చెక్కపలక తెచ్చి దాని మీద నిలబడి, టెస్టరుతో కప్పును ముట్టి చూశాడు. టెస్టరు వెలగలేదు. ఆ తర్వాత చిన్నప్ప కొమ్మును కూడా ముట్టి చూశాడు.

"దానికెందుకప్పా?" అంది గంగులమ్మ.

"లోపలే నిలబడుండాది గదమ్మా. పాసయ్యుంటే?"

అద్దం కోసి ఇచ్చాడు. తెచ్చి పెడితే నాలుగు మూలలూ గాల్లో లేచాయి. కారు కప్పు వంపుగా ఉంటుంది, షోకేసు అద్దం సాపుగా ఉంటుంది. చిత్రలేఖనం మాస్టరునై ఉండి ఈ సంగతి నాకు ముందే తట్టాల్సింది. తట్టలేదు. కోసిన అద్దాన్ని వాపసు తీసుకోనన్నాడు. దాన్ని గోనెపట్టలో చుట్టి డిక్కీలో పెట్టుకుని బయలుదేరాం.

పలమనేరులో మజ్జిగ తాగడానికి ఆగాం. అక్కడ బావ షావుకారు ఇంటికి ఫోన్ చేస్తే వాళ్ళమ్మ తీసింది. ఎంతమంది వస్తున్నారని అడిగితే బావ తొందరలో "నేను, మా బామ్మర్ది, గంగులమ్మ, చిన్నప్ప" అన్నాడు. వి.కోట దాటాక టమాటా తోటలు, మల్బరీ తోటలు. అప్పటికే తూర్పున మబ్బు లేస్తోంది. బావ రోడ్డు కంటే ఆకాశాన్నే ఎక్కువ చూస్తూ నడిపాడు.

కుప్పం చేరేసరికి పన్నెండున్నర. షావుకారు ఊళ్ళో లేడు. వాళ్ళమ్మ రాజమ్మ, డెబ్బై ఏళ్ళావిడ, మమ్మల్ని చూసి "రాండప్పా రాండి, ముందు బోంచేయండి" అని లోపలికి పిలిచింది. నాలుగు ఆకులు వేసి ఉన్నాయి. రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి, పప్పు. మేం ముగ్గురం కూర్చున్నాం.

"చిన్నప్ప యాడ? చెయ్యి కడుక్కుంటాండాడా?"

బావ గొంతులో సంగటి అడ్డం పడింది. గంగులమ్మ ఏ మాత్రం తొణక్కుండా "వాడు కార్లోనే ఉండాడమ్మా. సంగటి తినడు. ఆకు తింటాడు" అంది. రాజమ్మ కిటికీలోంచి తొంగి చూసింది. తర్వాత నాలుగో ఆకును తీసుకెళ్ళి చిన్నప్పకే పెట్టింది.

షెడ్డులో కారు ఉంది. కప్పు అద్దం లేదు.

"అదా?" అంది రాజమ్మ. "మిద్దె మీదుండాది."

మిద్దె ఎక్కి చూశాం. చాప మీద మామిడి తాండ్ర పరిచి ఉంది. దాని మీద, నాలుగు ఇటుకల ఆధారంతో, ఓడలో రావాల్సిన మా అద్దం! రంగు అద్దం కాబట్టి ఎండ హితంగా దిగుతుందట, ఈగలు వాలవట.

"ఇంగా మూడు పూతలుండాయి. తాండ్ర అయిపోయినాక తీసకపోండి."

"ఎన్నాళ్ళమ్మా?"

"ఎండని బట్టి."

"మీ కొడుకు ఇస్తానన్నాడమ్మా!" అని బావ మొత్తుకున్నాడు.

"వాడు కారిస్తానన్నాడు. ఇది నా తాండ్రది."

బావ మిద్దె పిట్టగోడ మీద కూలబడిపోయాడు. అతని ముఖం చూస్తే నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. రాత్రింబవళ్ళు టమాటాల మధ్య గడిపిన మనిషి, జీవితంలో ఒక్క వస్తువు మోజుపడి కొనుక్కున్నాడు. అది వానకు తడవకుండా కాపాడుకోవాలని నూరు కిలోమీటర్లు గొర్రెతో వచ్చాడు. నేను చప్పున కిందికి దిగి డిక్కీలోంచి పుంగనూరు అద్దం మోసుకొచ్చాను. ఇటుకల మీద పెడితే సాపుగా, కొలిచినట్టు కూర్చుంది. రాజమ్మ వేలితో మోగించి చూసింది, ఎండకు ఎత్తి చూసింది.

"ఇది తెల్లగుండాది. రంగు లేదే."

"ఎండ ఇంగా బాగా దిగుతాదమ్మా" అన్నాను. "మూడు పూతలు తొందరగా ఆరిపోతాయి."

ఆవిడ మబ్బు వైపు ఒకసారి చూసి, "సరే, పోనీ" అంది. బావ ఆవిడ కాళ్ళకు దండం పెట్టాడు.

అద్దం బిగించడానికి రమ్మని ఒక మెకానిక్కుకు కబురు పెట్టి, ఆలోగా గంగులమ్మ మొక్కు తీర్చుకు వద్దామని ఊరి బయట వాళ్ళ గుడికి పోయాం. చిన్న గుడి, పెద్ద జనం. పొట్టేలు తల బయటపెట్టుకుని కారులో రావడం చూసి జనం దారి ఇచ్చారు. గంగులమ్మ దాన్ని దించింది. మెడ తాడు రెండు చేతులా పట్టుకుని దాని పక్కనే నడిచింది. పూజారి ముసలాయన. పొట్టేలు మీద నీళ్ళు చల్లి, పళ్ళు చూసి, చెవి పట్టుకున్నాడు. పసుపు రాలింది.

"ఇదేమి?"

గంగులమ్మ తల దించుకుంది. "అద్దం కోసుకున్యాది సామీ."

"గాయమైన జీవాన్ని అమ్మకిస్తావా?"

ఆమె ముఖం పాలిపోయింది. "ఇయ్యకపోతే నా మొగునికేమైనా అయితే? నా దగ్గర ఇంగో పొట్టేలు లేదు సామీ" అని అక్కడే కూర్చుని ఏడ్చింది. చిన్నప్ప ఆమె కొంగు నములుతూ నిలబడింది. బావ జనంలోంచి ముందుకొచ్చి, తప్పు తనదేననీ, తన కారు కప్పు పగిలే చెవి తెగిందనీ, రక్తం సీట్ల మీద పడిందనీ, ఇంకా మరక పోలేదనీ గడగడా చెప్పేశాడు.

పూజారి వచ్చి కారులోకి తొంగి చూశాడు. మరకను చూశాడు. పైన బొక్కను చూశాడు. బొక్కలోంచి ఆకాశాన్ని కూడా చూశాడు.

"మొక్కుబడి పొట్టేలు, తనంతకు తానే దూకి, తన రగతం తానే ఇచ్చింది. అమ్మ దోవలోనే తీసుకున్యాది. ఇంగ నువ్వు ఇచ్చేదేముండాది? టెంకాయ కొట్టి పో తల్లీ."

గంగులమ్మ ఆయన ముఖంలోకి చాలాసేపు చూసింది, మాట సరిగ్గా విన్నానా అన్నట్టు. తర్వాత పొట్టేలు మెడ కావలించుకుంది.

కానీ జనం ఆ మాట వదల్లేదు. అమ్మ ఈ కారులోనే బలి తీసుకుందట! ఆడవాళ్ళు కారు చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. తలుపులకు పసుపు, చక్రాలకు కుంకుమ, బొక్కలోంచి లోపలికి వేపాకులు. ఒకామె స్టీరింగుకు దారం కట్టింది. సరిగ్గా అప్పుడు ఉరిమింది.

"అమ్మా తల్లీ, జరగండమ్మా, బ్యాటరీ!" అని బావ అరిచాడు.

"బ్యాటరమ్మ!" అని వెనక ఎవరో చేతులు జోడించారు.

ఎలాగో బయటపడ్డాం. తొలి చినుకులు పడుతుండగా షెడ్డులో దూరాం. షెడ్డు రేకులు కారుతుంటే బొక్క మీద గొడుగు పట్టుకుని నిలబడి నేను పూర్తిగా తడిశాను, బ్యాటరీ తడవలేదు. మెకానిక్కు లోపలి పట్టీలు తీసి, పక్కల స్క్రూలు బిగించి, అద్దానికి అంటిన తాండ్రను తడిగుడ్డతో తుడిచాడు. బావ మీట నొక్కాడు. అద్దం సన్నగా మూలిగి, ముందుకు జరిగి, మూసుకుంది. బయట కుండపోత. బావ మీట మీద నుంచి చెయ్యి తియ్యకుండా అలాగే కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకోవడం నేను చూడనట్టు ఉండిపోయాను.

నాలుగింటికి తిరుగు ప్రయాణం. రాజమ్మ కట్టిచ్చిన తాండ్ర పొట్లం నా ఒళ్ళో ఉంది. పలమనేరు దాకా వాన కురుస్తూనే ఉంది. అద్దం మీద చినుకు పడినప్పుడల్లా చిన్నప్ప పైకి చూసి, మీద పడకపోయేసరికి ఆశ్చర్యపోయి, గంగులమ్మ వైపు చూసేది. పుంగనూరు దగ్గర వాన వెలిసింది. చింతచెట్ల కింద రోడ్డు నల్లగా మెరుస్తోంది.

ఈ దారిన పోయేవాళ్ళు పుంగనూరులో దోసె తినండి, కుప్పంలో ఎవరైనా సంగటి పెడితే కాదనకండి. ఆ ఊళ్ళో చూడదగ్గవి ఏమున్నాయని అడిగితే నేను చెప్పలేను. నేను చూసింది ఒక మిద్దె, ఒక షెడ్డు, ఒక గుడి ముంగిలి. నవ్వొచ్చే ప్రయాణమే. కానీ తమ వస్తువు కోసమో, తమవాళ్ళ ప్రాణం కోసమో మనుషులు ఎంత దూరమైనా ఎలా పోతారో నాకు ఆ ఒక్కరోజులోనే అర్థమైంది.

పొద్దు వాలేవేళకు కురబలకోట చేరాం. గంగులమ్మ మొగుడు రోడ్డు పక్క రాయి మీద కూర్చుని ఉన్నాడు. పెళ్ళాం దిగడం చూసి లేవలేదు. వెనక చిన్నప్ప దిగింది. అతను లేచాడు. కాలు నొప్పి ఉన్న మనిషిలా కాదు, గబగబా నడిచి వచ్చాడు.

"అమ్మ ఒద్దనింది" అంది గంగులమ్మ.

అతను తలగుడ్డ విప్పి, వేపాకులు అంటిన పొట్టేలు వీపు తుడవడం మొదలుపెట్టాడు.