ఈసీజీకి దొరకని దడ

నేను కోతలరాయుణ్ణి. ముందే ఒప్పేసుకుంటే మీకూ నాకూ సుఖం. మా చేలో ఎలుక కనిపిస్తే నేను ఇల్లు చేరేసరికి అది అడవిపంది అవుతుంది. కాబట్టి ఇందులోని లెక్కలను సగానికి సగం కోసి చదువుకోండి. దడ మాత్రం నిజమే. నా ఖర్మ ఏమిటంటే, నిజంగా జబ్బు చేసిన రోజున నన్ను నమ్మే మనిషి ఒక్కరూ లేకపోవడం.

మాది గద్వాల దగ్గర పల్లె. విత్తనాల కంపెనీ కోసం సీడు పత్తి వేస్తాం. ఆ రోజు చేలో క్రాసింగ్ పని నడుస్తోంది. మగ పువ్వు తెచ్చి ఆడ పువ్వుకు రుద్దాలి. ఆ పొద్దు తప్పితే ఆ పువ్వు దండగే. నేను ఒక పువ్వు మీదికి వంగాను, అంతే. ఛాతీలో ఎవరో బోరు మోటారు స్విచ్ వేసినట్టయింది. చొక్కా గుండీలు వాటంతట అవే ఎగురుతున్నాయి.

"సవారమ్మా, నా గుండె నిమిషానికి వెయ్యిసార్లు కొట్టుకుంటుందే!" అన్నాను.

మా ఆవిడ తలెత్తలేదు. "నిన్న పాము పది గజాలుందంటివి. ముందు ఆ వరుస అయిపోగొట్టు."

గట్టు మీద కూలబడ్డాక గానీ ఆమె రాలేదు. నా ఛాతీ మీద చెయ్యి పెట్టి, "అమ్మో, గిదేంది, గిట్ల ఎగురుతుంది!" అని కేకేసింది. సెల్లు ఉన్నా సిగ్నల్ కోసం మిద్దె ఎక్కాల్సిన రోజులవి. ఆమె రోడ్డు దాకా ఉరికి ఖాజా ఆటోను పిలుచుకొచ్చింది. ఖాజా మా ఊరివాడే. మంచివాడు. నా కొంప ముంచింది ఆ మంచితనమే. దారిలో సోడా బండి దగ్గర ఆటో ఆపాడు.

"అన్నా, జర సోడా తాగు. గ్యాస్ ఉంటే పోతది."

తాగాను. ఒక తేన్పు వచ్చింది. ఆ తేన్పుతోపాటే మోటారు ఆగిపోయింది. దవాఖానకు పోయి ఈసీజీ తీయిస్తే అంతా నార్మల్. గ్యాస్ బిళ్లలు రాసిచ్చారు. సవారమ్మ నన్ను చూసిన చూపు ఉంది చూడండి, అది ఏ మిషనులోనూ పడదు.

ఆ ఏడాదంతా ఇదే తంతు. వనపర్తిలో పెళ్లికి పోయినప్పుడు దడ వస్తే, బస్సులో ఉన్నవాళ్లు తలా ఒక సీసా నీళ్లు తాగించారు. దవాఖాన మెట్టు ఎక్కేసరికి నార్మల్. బిజినేపల్లిలో మా చెల్లెలి ఇంట్లో వస్తే, చెల్లెలు బిందెడు చల్లనీళ్లు నా మొహాన కొట్టి ఆటో ఎక్కించింది. నాగర్‌కర్నూల్‌లో దిగేసరికి నార్మల్. మూడు ఊళ్ల కాగితాలూ అతికిస్తే గద్వాల చీరంత పొడుగు, దాని మీద ఒక్క వంకర గీత లేదు. మూడో డాక్టరైతే, "టెన్షన్ తగ్గించుకో, యోగా చెయ్యి" అన్నాడు. పత్తి చేలో పొద్దంతా వంగి లేచేవాడికి యోగా!

చివరికి గద్వాలకు కొత్తగా వచ్చిన ఒక కుర్ర డాక్టరు ఎవరూ అడగని ప్రశ్న అడిగాడు.

"వచ్చే దారిలో ఏం తాగుతరు?"

"గదేం ప్రశ్న సార్? పానం బాగలేనోనికి మన దిక్కు ముందు సల్లనీళ్లు, లేకుంటే సోడా గద ఇచ్చేది. ఒక తేన్పు రాంగనే తగ్గుతది."

ఆయన బల్ల మీద చరిచాడు. "ఆ చల్లనీళ్లు, ఆ తేన్పే దాన్ని ఆపుతున్నయి! దొంగను సాగనంపి పోలీసు దగ్గరికి వస్తున్నరు మీరు. కళ్లు తిరిగితే వేరే సంగతి. లేకుంటే ఈసారి ఏం తాగకుండ, పరిగెత్తే గుండెను పరిగెత్తినట్టే తీసుకురండి."

చెప్పినంత సులువా అది? నెల తిరగకుండానే చేలో మళ్లీ వచ్చింది. ఖాజా ఆటో మలుపు దగ్గర ఆగగానే పదిమంది ఆడవాళ్లు చెంబులతో చుట్టుముట్టారు. సవారమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"మొగుడు గుడ్లు తేలేస్తుంటే చుక్క నీళ్లియ్యవా? ఆడదానివేనా నువ్వు?"

"డాక్టరు వద్దన్నడు."

"ఏ డాక్టరంటడే అట్ల!"

ఖాజా కూడా వెనక్కి తిరిగి బతిమాలాడు. "వదినా, పాపం తగుల్తది. ఒక్క గుక్క."

సిగ్గులేకుండా నేను కూడా చెంబుకు చెయ్యి చాచాను. సవారమ్మ నా నోటి మీద అరచెయ్యి వేసి, "నువ్వు మూసుకోని కూసో. ఖాజా, పోనియ్యి!" అంది. పక్కకు చూద్దును కదా, ఆమె చెంపలు తడిసిపోయి ఉన్నాయి.

దవాఖానలో ఈసీజీ కాగితం మీద గీతలు దువ్వెన పళ్లలా దగ్గర దగ్గరగా పడ్డాయి. "దొరికింది! ఎస్‌వీటీ! గుండె ఉన్నట్టుండి పరుగందుకునే జబ్బు!" అని కుర్ర డాక్టరు పండగ చేసుకున్నాడు.

"ఎంత సార్?"

"నూట తొంభై."

వెయ్యి ఎక్కడ, నూట తొంభై ఎక్కడ! నా పరువు పోయింది. సవారమ్మ మాత్రం నెమ్మదిగా, "ఎంతయితేంది, నిజమే గద" అంది. ఏడాదిలో ఆమె నా మాట నిజమని నోరు తెరిచి అన్నది అప్పుడే.

బిళ్లలతో కొన్ని నెలలు నిలబడే నిద్రపోయాను. దడ మాత్రం తన పని తాను చేసుకుపోయింది. చివరికి హైదరాబాదు పంపారు. అక్కడి పెద్ద డాక్టరు విడమరిచి చెప్పాడు. "మీ గుండెలో కరెంటుకు ఒక దొడ్డిదారి ఉంది. దాన్ని మూసెయ్యాలి. కాల్చి మూయొచ్చు. కానీ అది గుండె పైగదుల నుంచి కింది గదులకు కరెంటు పంపే ఏవీ నోడ్‌కు ఆనుకునే ఉంది. నోడ్ కాలితే జన్మంతా పేస్‌మేకరే. అందుకని మీకు క్రయో చేద్దాం. క్యాథెటర్ అనే సన్న వైరు కొసతో ఆ దారిని గడ్డకట్టిస్తాం. మొదట కొద్దిగా చల్లబరిచి చూస్తాం. తేడా వస్తే వేడెక్కనిస్తాం, నోడ్ మళ్లీ పనిచేస్తుంది."

"పని చెయ్యకుంటే?"

"అప్పుడు చూద్దాం" అన్నాడు. దవాఖానల్లో నాకు పరమ అసహ్యమైన మాట అదే.

తొడ మొదట్లో మత్తు ఇచ్చి వైర్లు పంపారు. నేను మెలకువగానే ఉన్నాను. ఏడాదిపాటు ఆపడానికి నేను నానా చావు చచ్చిన దడను వాళ్లు మీట నొక్కి మరీ లేపారు! తర్వాత, "ఫ్రీజ్" అన్నారు. క్యాథెటర్ కొస ఐసుకు తడి వేలు అంటుకున్నట్టు గుండెకు అతుక్కుంటుందట. కొన్ని క్షణాలకే డాక్టరు గొంతు మారింది.

"బ్లాక్! స్టాప్, స్టాప్! రీవార్మ్!"

మానిటర్‌లో బీప్ ఒకటి వచ్చింది. తర్వాతది రాలేదు. ఛాతీలో ఖాళీ. అప్పుడు నేను, "ఏంది సార్, మా ఊరి కరెంటు కోత ఈడ గూడ మొదలాయెనా?" అన్నాను. గదంతా ఘొల్లుమంది. అంతలో బీప్‌లు వరుసలో పడ్డాయి. డాక్టరు కొసను ఒక వెంట్రుకవాసి జరిపి మళ్లీ గడ్డకట్టించాడు. ఈసారి నోడ్ జోలికి పోలేదు. నాలుగు నిమిషాలు నాకు నాలుగు కార్తెల్లా గడిచాయి. ఆ తర్వాత ఎన్ని మీటలు నొక్కినా దడ లేవలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. రెండు వారాలకు గుండె అప్పుడప్పుడు ఒక దెబ్బ తప్పడం మొదలుపెట్టింది. మళ్లీ హైదరాబాదు, మళ్లీ వరుసలో నిలబడటం. "మానే దశలో ఇలా ఉంటుంది, తగ్గిపోతుంది. క్రయోలో జబ్బు తిరగబెట్టే అవకాశం కొంచెం ఎక్కువ, గమనిస్తూ ఉండండి" అన్నారు. ఆ ముక్క ముందే గట్టిగా చెప్తే వాళ్ల సొమ్మేం పోయింది? నెల రోజుల్లో తగ్గింది. రెండు క్రాసింగ్ సీజన్లు దాటాయి. ఎన్ని పూల మీదికి వంగినా మోటారు మోగలేదు.

నాలాంటి వాళ్లకు ఒక్క మాట. ఉన్నట్టుండి దడ మొదలై ఉన్నట్టుండి ఆగిపోతుంటే, అది నడుస్తుండగానే దగ్గరున్న చోట ఈసీజీ తీయించి ఆ కాగితం దాచుకోండి. కళ్లు తిరిగినా ఛాతీ నొప్పి వచ్చినా మాత్రం కాగితం సంగతి మరిచి నేరుగా పెద్ద దవాఖానకు పొండి.

ఇక నేను కల్పించింది ఏదో చెప్పాలి. సోడా నిజం. చెంబులు నిజం. నోటి మీద అరచెయ్యి నిజం. కరెంటు కోత జోకు అబద్ధం. అది తిరుగు బస్సులో నాకు తట్టింది. ఆ బీప్ రానప్పుడు నేనేమీ చమత్కరించలేదు. పక్కనున్న సిస్టర్ చెయ్యి పట్టుకుని "సవారమ్మా, సవారమ్మా" అన్నాను. ఆ జోకు విని ఊరంతా నవ్వింది. సవారమ్మ ఒక్కతే ఇంతవరకూ నవ్వలేదు. ఆ సిస్టర్ ఆ రోజే బయటికొచ్చి ఆమెకు అంతా చెప్పేసిందట.