భజన బదులు మోగిన పాట

మొన్న మా మనుమరాలు, అంటే మా బిడ్డ కూతురు, గన్‌ఫౌండ్రీలో బ్యాంకు కొలువు దొరికిన సంతోషంలో అబిడ్స్ నుంచి ఒక స్పీకరు కొనుక్కొచ్చి, నాంపల్లిలో మా ఇంటి ముందు గదిలో పెట్టి, దానికి తగ్గ పాటల యాప్ ఏదో తేల్చుకోవడానికి ఫోను ముందేసుకుని కూర్చుంది. ఒకదానిలో హిందీ, ఇంగ్లీషు పాటలకు లెక్కే లేదట, ఇంకొకదానిలో పాడేవాడు ఊపిరి పీల్చినా వినబడేంత శుభ్రంగా వస్తుందట, మూడోదానిలో మన పాతవి బాగా ఉన్నాయి గానీ శబ్దం జర మామూలట. మూడూ కొన్నాళ్లు ఊరికే వినిపిస్తాయి, ఆ తర్వాత ఒకటి ఉంచుకుని తక్కినవి తీసేయాలి. ఆ పిల్ల ఒక్కో పాట పేరూ కొట్టి చూస్తూ, ఇందులో ఉంది, అందులో లేదు అని గొణుక్కుంటుంటే నాకు నవ్వాగలేదు. ఇదే పని మేము దాని వయసులో, ఇదే నాంపల్లిలో, చాయ్ తాగబోయే ముందు రోజూ చేసేవాళ్లం.

నా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు గానీ, అప్పట్లో కొన్ని ఇరానీ హోటళ్లలో పాటల మెషీను ఉండేది. అద్దాల పెట్టె, లోపల రికార్డులు వరసగా నిలబెట్టి ఉంటాయి. బిళ్ల వేసి బటను ఒత్తితే లోపలినుంచి ఒక ఇనుప చెయ్యి లేచి, ఆ పాట ఉన్న రికార్డును తీసి పడుకోబెడుతుంది. నేను అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో తాన్లు విప్పి చూపించే పనిలో ఉండేవాణ్ని. సాయంత్రం పని దిగగానే నలుగురం దోస్తులం బయల్దేరి, దారి పొడుగునా ఒకటే కొట్లాట: స్టేషను ఎదుటి హోటల్లో చాయ్ బాగుంటుంది గానీ పాటలు అరిగిపోయినవి, లక్డీకాపూల్ వైపు దానిలో కొత్త హిందీవి వచ్చాయి, తెలుగువి వినాలంటే మాత్రం నాంపల్లి మూలమీది హోటలుకే పోవాలి. చాయ్ కడుగునీళ్ల లెక్క ఉన్నా సరే, చివరికి పాటలున్న చోటికే పోయేవాళ్లం.

ఒక మాట సూటిగా చెప్పాలి. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. ఒక్కో బటను పక్కన పాట పేరు రాసిన చిన్న కాగితం ఉండేది, అది నాకు ఉన్నా లేకున్నా ఒకటే. పోపు డబ్బాలో ఏ గిన్నెలో ఏముందో మా అమ్మకు చూడకుండానే తెలిసినట్లు, ఏ వరసలో ఎన్నో బటను ఏ పాటదో నా వేలికి తెలుసు. దోస్తులు కూడా కనిపెట్టలేకపోయారు.

అట్లాంటి రోజుల్లో మా మేనమామ ఒక సంబంధం తెచ్చాడు. సుల్తాన్ బజార్ వాళ్లు, పిల్లకు తండ్రి లేడు, ఇంట్లో అన్న మాటే చెల్లుతుంది. ఆ పిల్లను నేను అంతకు ముందే ఒక పెళ్లిలో చూసి ఉన్నాను, చేసుకుంటే ఆమెనే చేసుకోవాలని లోపల ఖాయం కూడా చేసుకున్నాను. మామ ఏం చేశాడంటే, అబ్బాయి మహా భక్తిపరుడు, సినిమాల జోలికి పోడు, చదవడం రాయడం వచ్చు అని వాళ్లకు చెప్పి పెట్టాడు. ఆ అన్న ముందు అబ్బాయిని ఒక్కణ్ని బయట చూస్తానన్నాడు. సరే, మా హోటలుకే రమ్మన్నాం. ఆయన కూర్చోగానే మెషీనులో భజన పెట్టాలని మామ ఉపాయం. భజనంటే రెండో వరసలో చివరి బటను, నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు.

లేచి వెళ్లి ఒత్తి, చేతులు కట్టుకుని వచ్చి కూర్చున్నాను. ఆ పొద్దున్నే హోటలువాళ్లు రికార్డులు మార్చారని నాకేం తెలుసు? ముందు గ్లాసులు గలగలమన్నాయి. ఆ వెనక ఎవడో తాగుబోతు, మధ్యమధ్య ఎక్కిళ్లు పెడుతూ, పెళ్లాన్ని తిట్టుకుంటూ పాట అందుకున్నాడు. మామకు చాయ్ కొరబోయింది. హోటలంతా మా వైపే చూస్తోంది.

"కాగితం చూసి ఒత్తలేదా?" అని అడిగాడు ఆ అన్న.

మామ దగ్గుతూనే ఏదో సర్దబోయాడు. నాకు నసుగుడు చేతకాదు. "నాకు చదువు రాదు. గుర్తు మీద ఒత్తిన. మా మామ చెప్పినయేవీ నమ్మకున్రి," అనేశాను.

 ఆయన సాసరులో చాయ్ పోసుకుని ఊదుకుంటున్నాడు. అయిపోయిందిరా నీ పెళ్లి అనుకుంటూ తల వంచుకున్నాను, వంచుకుంటే ఆయన రెండో చెయ్యి కనబడింది. బల్ల మీద తాళం వేస్తోంది. పాట అయిపోయాక, మొహంలో ఏమాత్రం తేడా లేకుండా, "భజన మంచిగున్నది బావా, ఇంకోపారి పెట్టు," అన్నాడు.

బావా అన్నాక ఇంక అడిగేదేముంది! "చదువుదేముంది, మా చెల్లె ఏడు దాక చదివింది, నేర్పుతది తియ్యి," అని కూడా అన్నాడు. నేర్పింది, మొట్టికాయలతో సహా. నాకు చదవడం వచ్చాక బడాయిగా ఆమెను ఆ హోటలుకు తీసుకుపోయి, మెషీను కాగితాలన్నీ కూడబలుక్కుని చదివాను, తాగుబోతు పాట మాత్రం లేదు. మళ్లీ మార్చేశారు. ఆ పాట ఉన్న సినిమా ఆడలేదు, రేడియోలో అట్లాంటివి వేయరు. మా బామ్మర్ది ప్రతి పెళ్లి పందిట్లో ఈ కథ చెప్పి నవ్విస్తాడు గానీ, ఎవరి పెళ్లి కుదిర్చిందో ఆమె మాత్రం ఆ పాట వినలేదు. ఈమధ్య ఆమె, అసలు అట్లాంటి పాటే లేదు, బావా బామ్మర్దులు కలిసి అల్లిన కథ అని అందరి ముందూ అనడం మొదలుపెట్టింది. నాకు పౌరుషం రాదా?

అందుకే మనుమరాలితో, నీ ఇంగ్లీషు పాటలు తర్వాత, ముందు ఈ ఒక్క పాట ఎందులో ఉందో చూడమన్నాను. బామ్మర్దికి ఫోను కలిపితే ఆయన సుల్తాన్ బజార్‌లో మంచం మీదినుంచే మొదటి ముక్క పాడి వినిపించాడు. నేనే నా వేలితో తెలుగులో కొట్టాను. మొదటి యాప్‌లో లేదు. శుభ్రంగా వినిపించేదానిలో ఉంది! మా మనుమరాలు చప్పట్లు కొట్టింది. రెండు ముక్కలు విన్నానో లేదో నాకు చిరాకేసింది. ఎవరో కొత్తతను మళ్లీ పాడినది, ఎక్కిళ్లు కూడా కొలిచినట్లు వస్తున్నాయి.

"పాట అదే కదా తాతా! ఎంత క్లియర్‌గ ఉన్నది చూడు."

"తాగినోడు క్లియర్‌గ పాడుతడా?"

మూడోదానిలో కొడితే, ముందు బరబర గీతల చప్పుడు, తర్వాత గ్లాసులు, ఆ వెనక అదే గొంతు. ఒక ఎక్కిలి తాళానికి జర ఆలస్యంగా వస్తుంది, అది వచ్చేదాకా నేను ఊపిరి బిగబట్టాను. ఫోనులో బామ్మర్ది "గిదే! గిదే బావా!" అని ఒకటే కేక. మా ఆవిడ చేతిలోని చిక్కుడుకాయలు చేతిలోనే ఉంచుకుని చివరిదాకా విని, "ఏందయ్యా, గీ పాటకా మా అన్న నన్ను నీకిచ్చింది?" అంది. చిక్కుడుకాయలు పక్కన పెట్టి, మళ్లీ పెట్టమంది.

మనుమరాలు ఆ మూడోదే ఉంచుకుంది. శబ్దం సంగతి తర్వాత చూద్దాంలే అంది. అచ్చం మా చాయ్ లెక్కే.

ఆ మూలమీది హోటలు ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. అప్పుడు ఒకడు బిళ్ల వేస్తే హోటలంతా వినేది, నచ్చకుంటే తిట్టేది, నచ్చితే ఇంకోపారి అనేది. ఇప్పుడు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఎవరి చెవిలో పాట వాళ్లది, పక్కవాడు ఏం వింటున్నాడో అడిగితే మర్యాద కాదు. నేనేం ఏడవడం లేదు, పోయిందనుకున్న పాట దొరికింది, చాలు. కానీ ఈ ఫోను ఏది అడిగితే అదే ఇస్తుంది చూడండి, అక్కడే నాకు కొంచెం వెలితి. ఆ రోజు ఆ మెషీను కూడా ఇంత బుద్ధిగా నేనడిగిన భజనే వినిపించి ఉంటే, ఆయన చాయ్ తాగేసి, దండం పెట్టి, లేచి వెళ్లిపోయేవాడేమో.