కంటికి మూడు అంగుళాల హాయి

ఆ రోజుల్లో నాలుగు ఇంగ్లీషు ముక్కలు చదవగలిగినవాడికి లోకంలో ఏ పనైనా వచ్చేస్తుందని మా తోటలో అందరూ నమ్మేవారు. నమ్మినవాళ్ళలో మొదటివాణ్ణి నేనే. మలయాలో హుటాన్ మెలింటాంగ్ దగ్గర కొబ్బరితోట ఆఫీసులో అప్పుడే గుమాస్తాగా చేరాను. మా మేనమామ అక్కడే కాపలాదారు. గుబురు మీసాలు, తెల్లటి పాగా, భుజాన దొర ఇచ్చిన రైఫిలు. ఆయన కూతుర్ని చేసుకోవాలని నాకు మహా ఆశ (ఆమెకూ ఉందని తరవాత తెలిసింది, ముందే తెలిసుంటే ఇంత ప్రమాదం జరిగేది కాదు).

అడవిపందులు లేత కొబ్బరి మొక్కల్ని పెళ్ళగించేస్తున్నాయని దొర సీమ నుంచి రైఫిలుకు తగిలించే దుర్భిణీ తెప్పించాడు. తాను కౌలాలంపూర్ వెళ్ళొచ్చేలోపు బిగించి, గురి సరిచేసి ఉంచమని మావయ్యకు చెప్పాడు. మావయ్య ఆ పెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. "ఒరే గుంటడా, నీకు ఇంగిలీసు వచ్చుగదా. ఇది పాడైనాదంటే తువాన్ దొర నన్ను తోటలోంచి గెంటేస్తాడు. బాగా బిగించినావంటే పిల్ల సంగతి మాటాడుకుందుము."

"బోలే లా, మావా!" అన్నాను, చేసేద్దామని మలాయి భాషలో.

రైఫిలు మీది కడియాల్లో దుర్భిణీ పెట్టి మరలు బిగించాను. మావయ్య కన్నుపెట్టి చూసి, "బంగళా ఆవు ఎలకంత అయిపోనాదేటిరా? పందులూ ఇలాగుంటే తుపాకీ ఏటికి, సెప్పు సాలు" అన్నాడు. ఊడదీసి, వెనకది ముందుకు తిప్పి మళ్ళీ బిగించాను.

ఇక గురి. రైఫిలును ఇసుక బస్తాలమీద కదలకుండా ఆనించి, బోల్టు (అది లేకపోతే తుపాకీ పేలదు) తీసేసి గొట్టంలోంచి చూస్తే, దూరాన మావయ్య చెట్టుకు మేకుతో కొడుతున్న తెల్ల రేకుమూత కనబడింది. దుర్భిణీలోని రెండు గీతలు కలిసేచోటు కూడా ఆ మూతమీదికే వచ్చేలా మరలు తిప్పాలి. తిప్పాను. తెల్లగా, గుండ్రంగా దొరికింది. అంతలో పక్కకు జరిగింది. నేనూ జరిపాను. కూర్చుంది! నేనూ దించాను. లేచి నావైపు నడిచి రాసాగింది. అది మావయ్య పాగా.

"నా బుర్రకేటిరా గురి ఎడతన్నావు?"

"బోల్టు లేదు మావా!"

"తుపాకీకా, నీకా?"

పాగా తీయించి మొదటినుంచీ సరిచేశాను. బోల్టు మళ్ళీ పెట్టాను. మిగిలింది కాల్చి చూడడం. కూడా వచ్చిన కాగితంలో 'ఐ రిలీఫ్' మూడు అంగుళాలని ఉంది. రిలీఫ్ నాకు తెలిసిన మాటే, తలనొప్పి మందు డబ్బామీద చదివాను. "కంటికి మూడు అంగుళాల హాయి ఇస్తుందట మావా" అన్నాను (కంటికీ దుర్భిణీకీ మధ్య అంత ఖాళీ వదలమని దాని అర్థం). "అయితే బాగా ఆనించి హాయిగా సూడు" అన్నాడు వెనక నిలబడ్డ మావయ్య. ఆనించాను. మీట నొక్కాను. రైఫిలు గాడిదలా తన్నింది.

మావయ్య చెట్టు దగ్గరికి పరిగెత్తి అక్కణ్ణుంచే గంతులేశాడు. "తగిలినాదిరా అల్లుడా! సరిగ్గా నడిమధ్యన తగిలినాది!"

"తెలుస్తోంది మావా" అన్నాను, కనుబొమ పట్టుకుని.

ఆయన కూతురు పసుపు ముద్దతో పరిగెత్తుకొచ్చింది. "ఏటి బావా, తుపాకీ అటు పేలినాదా, ఇటు పేలినాదా?" అని నవ్వుతూ అద్దబోతే సగం పసుపు కంట్లో పడింది. దొర వచ్చి, చిల్లుపడ్డ మూత చూసి మావయ్య భుజం తట్టాడు. నా మొహం చూసి అటు తిరిగి నవ్వుకున్నాడు. పెళ్ళినాటికి కంటిచుట్టూ నల్లటి వలయం ఇంకా ఉంది. "ఈ పెళ్ళికొడుకుకి దిష్టి సుక్క అక్కర్లేదు" అని మా అత్త కాటుక బరిణె మూసేసింది.

ఇప్పుడు ఏ కాగితమిచ్చినా కళ్ళద్దాలు తుడుచుకుని, రెండుసార్లు చదివిగాని పనిలో చెయ్యి పెట్టను. పని చెడదు. పసుపు ముద్ద పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాళ్ళూ ఉండరు.