‘భర్త వద్ద విద్య నేర్చి’ అన్న వాక్యం

తొంభైల మధ్యలో నేను సూర్యాపేటలో తెలుగు లెక్చరర్‌గా పనిచేస్తుండగా కాలేజీకి నా పేర ఒక కవరు వచ్చింది. మా జిల్లా మీద విజ్ఞాన సర్వస్వం తెస్తున్నవాళ్లు, అచ్చుకు ముందు ఐదు జీవిత చరిత్రలు చూసిపెట్టమని పంపారు. తప్పులు దిద్ది, చివర సంతకం పెట్టాలి. నాలుగు మగవాళ్లవి. ఐదోది మిర్యాలగూడ ఉస్తానీ అమ్మది.

ఆడపిల్లలకు ఖురాన్ నేర్పే ఆవిడను మా వైపు ఉస్తానీ అంటారు. ఆమె పోయి అప్పటికి మూడేళ్లు. పేరు చూడగానే సంతోషమేసింది. చదువుతూ పోతే ఒళ్లు మండింది. పదకొండు వాక్యాల్లో ఏడు భర్త గురించి. ఆయన గొప్ప మౌల్వీ అట. ఈమె ‘భర్త వద్ద విద్య నేర్చి, ఆయన అడుగుజాడల్లో నడిచిన సాధ్వి’ అట.

ఎనభైలలో మిర్యాలగూడలో వాళ్ల ఇల్లు, మా ఇల్లు ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. మా నాన్న రైసు మిల్లులో గుమస్తా. ఆమె భర్త మోటార్లకు వైండింగ్ చేసేవాడు. మౌల్వీ కాదు, ఆ మాట ఆయన్ని ఎవరూ అనలేదు. మధ్యాహ్నం మూడింటికి ఇరవై మంది పిల్లలు ఆమె ముందు చాప మీద కూర్చుని ఊగుతూ చదివేవారు. వాళ్లు వెళ్లాక పెద్ద ఆడవాళ్లు వచ్చేవారు. నిఖా, విడాకులు, వాటాలు, ఏది ధర్మమో ఏది కాదో ఆమెనే అడిగేవారు. నేను వెళ్తే తెలుగు పేపర్ చదివి వినిపించమనేది. గబగబా చదివితే ఒప్పుకునేది కాదు.

“గంత తొందరేంది బిడ్డా, నీ ఎనుక ఎవరన్న తరుముతున్నరా?”

నేను ఇంటర్ చదివే ఏడాది ఒకామె వచ్చి ఏడ్చింది. తండ్రి చనిపోయాడు. సాగర్ కాలువ కింద పొలముంది. అన్నదమ్ములు అంతా తమదేనంటున్నారు. ఉస్తానీ అమ్మ ఖురాన్ తెరిచి, కూతురికి వాటా ఉందన్న చోటు చదివి అర్థం చెప్పింది. “పొయ్యి మీ అన్నలకు ఇదే చెప్పు. నేను చెప్పిన్నని చెప్పకు, అల్లా చెప్పిండని చెప్పు” అంది.

మూడోరోజు మసీదు పెద్దమనుషులు నలుగురు ఆమె వాకిట్లోకి వచ్చారు. ఆమె గుమ్మం పరదా వెనక నిలబడింది. నేను మా అరుగు మీదున్నాను. ఉర్దూలో సాగిన ఆ మాటలు నాకు బాగానే అర్థమయ్యాయి.

“ఫత్వా చెప్పే అధికారం నీకు ఎవరిచ్చారు?” అన్నాడు వాళ్లలో పెద్దాయన.

“నేను ఫత్వా ఇవ్వలేదు. ఉన్నది చదివాను. మీకూ చదువొచ్చు కదా, చదవండి” అని పరదా పక్కనుంచి చెయ్యి చాపి, పేజీ తెరిచిపెట్టిన గ్రంథాన్ని రెహాల్ అనే చెక్క పీటతో సహా గుమ్మం పక్క బల్ల మీద పెట్టింది.

ఎవరూ చదవలేదు. వెళ్లిపోయారు. ఆ తర్వాత రెండు నెలలు ఆరేడుగురు పిల్లల్ని ఆమె దగ్గరికి పంపలేదు. ఆమె మిగిలినవాళ్లకు చెప్పుకుంటూ పోయింది. నాట్లకు ముందే అన్నలు దిగొచ్చి, ఆ చెల్లెలి వాటా విడదీసి గట్టు వేశారు.

ఇందులో ఒక్క ముక్కా ఆ వ్యాసంలో లేదు.

ఆదివారం కోదాడ బస్సెక్కాను. ఆమె భర్త అక్కడ కూతురి దగ్గర ఉంటున్నాడు. కళ్లకు ఆపరేషనై, మందపాటి అద్దాలు పెట్టుకున్నాడు. వ్యాసం చదివి వినిపించాను.

“నేను మౌల్వీనా? ఎవరు రాసిండ్రమ్మా ఇది?” అన్నాడు. “పెండ్లినాటికి నాకు అలీఫ్ అన్న మొదటి అక్షరం గూడ రాదు. పని కాంగనె ఇంటికి వస్తె నన్ను కూసోబెట్టి ఆమెనే నేర్పింది. తప్పు చదివితె మల్ల మొదటికెళ్లి చదవాలె. అప్పటిదాంక అన్నం పెట్టకపోయేది.”

కూతురు నవ్వింది. ఆయన నవ్వలేదు.

“నన్ను పెద్దగ జేసి ఆమెను చిన్నగ జేస్తె నాకు ఇజ్జత్ ఉంటదా? కొట్టెయ్ బిడ్డా.”

నేను కొట్టేశాను. ఆ ఏడు వాక్యాలూ తీసేసి, ఆమె ఎవరి దగ్గర చదివిందో, ఎన్నేళ్లు చెప్పిందో ఆయన్నే అడిగి, పొలం వాటా సంగతి, పెద్దమనుషులు వచ్చిన సంగతి రాశాను. ‘సాధ్వి’ కొట్టి ‘మత గురువు’ అని పెట్టాను.

సంపాదకుడు సూర్యాపేటలోనే ఉండే రిటైర్డ్ ప్రిన్సిపాల్. మంచి మనిషి. నన్ను ఇంటికి పిలిచి, చాయ్ ఇప్పించి, కాగితాలు ముందు పెట్టాడు.

“గురువు అంటె ఎట్లమ్మా? ఆడమనిషిని మత గురువంటె వాళ్లోళ్లే ఒప్పుకోరు. బోధకురాలు అందాం.”

“ఆమెను అడగవచ్చినోళ్లు ఒప్పుకున్నరు సార్. వాళ్లు వాళ్లోళ్లు కాదా?”

“మల్ల ఈ పొలం కథ. పంచాయితీ అయితది. మనకెందుకు?”

“ఆమె అప్పుడు గిట్లనే అనుకుంటె ఇయ్యాల మనకు రాయనీకి ఏముండేది సార్?”

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు. కోపం లేదు, అలసట ఉంది. “స్థలం తక్కువుంది. పాతదే జర దిద్ది వేస్త. మీరు సంతకం చేయుండ్రి.”

“భర్త దగ్గర నేర్చుకున్నదన్న మాట ఉంటె చెయ్యను సార్. ఆయన నోటితోనే అబద్ధమన్నడు. ఏ కాగితం మీదా చెయ్యను, ఆ నాలుగింటి మీద గూడ.”

నేను లేచి రాలేదు. ఆయన రెండోసారి చదివాడు, మూడోసారి చదివాడు. ఎర్ర పెన్ను తీసి, నేను కొట్టేసిన మౌల్వీ వాక్యాలన్నీ తానూ కొట్టేశాడు. పొలం సంగతి మీద కూడా గీత పెట్టాడు. ‘గురువు’ దగ్గర పెన్ను ఆపి, వదిలేశాడు.

నేను ఐదింటి మీదా సంతకం చేసి, ఐదోదాని కింద ఒక మాట రాశాను: పొలం వాటా తగాదా గురించిన భాగం నా ఇష్టానికి విరుద్ధంగా తీసేశారు. ఆయన అది చూసి, “ఇది అచ్చులకు రాదు” అన్నాడు. “ఫైల్ల ఉంటది గద సార్” అన్నాను.

పుస్తకం మరుసటేడు వచ్చింది. ఆమెకు పేజీలో పావు వంతు. మత గురువు అనే ఉంది. తర్వాతి సంపుటానికి నన్ను పిలవలేదు. సమీక్షకుల పట్టికలో నా పేరు లేదు. పిలవలేదని కుమిలిపోలేదు. ఆ ఏటి నుంచి క్లాసులో జీవిత చరిత్ర పాఠం వచ్చినప్పుడల్లా, ఆ పావు పేజీ చదివించి, అచ్చులో రాని పొలం సంగతి నోటితో చెప్పేదాన్ని. ఒకసారి ఓ తండ్రి వచ్చి, సిలబస్‌లో లేనివి ఎందుకు చెబుతున్నారని అడిగాడు. కూర్చోమని, ఆ పొలం సంగతి ఆయనకూ చెప్పాను.